ఏడో ప్రశ్న

కోడలు కాన్పై రెండు నెలలైంది. ఆసుపత్రిలో నర్సు బాలింత మనసెలా ఉందో కనుక్కునే పది ప్రశ్నల కాగితం పట్టుకుని ఆమెను ఒక్కోటీ అడుగుతుంటే, మనవణ్ణి ఒళ్లో వేసుకుని పక్కనే కూర్చున్న అత్తకు ప్రశ్నలూ జవాబులూ వరసగా గుర్తుండిపోయాయి. చదువు రెండో తరగతి దాటలేదు గానీ, ఆవిడ బుర్రలో పడిందేదీ బయటికి పోదు.

పదిహేను రోజులాగి రండి, మళ్లీ ఇవే అడుగుతాం అంది నర్సు. వేరే భాష నుంచి మన మాటల్లోకి దింపిన కాగితమట. రెండుసార్లూ జవాబులు కలుస్తున్నాయో లేదో చూస్తారట. పరీక్ష కాగితానికే, మీకు కాదని కూడా చెప్పింది. ఆ మాట అత్త చెవికెక్కలేదు. మనిషిని కూర్చోబెట్టి కాగితానికి పరీక్షేమిటి? జవాబు మారిందంటే కోడలికి పిచ్చని రాసేసి పిల్లాణ్ణి తీసుకుపోతారని ఆవిడ భయం.

ఆ రోజు నుంచి అదే భయం చెప్పి, అంట్లు తోముతూ, బట్టలు ఆరేస్తూ కోడలి చేత జవాబులు వల్లె వేయించింది. ఏడుపొస్తోందా అంటే అస్సలు లేదు. నిద్ర పడుతోందా అంటే అప్పుడప్పుడు పట్టదు. కోడలు గోడకేసి చూస్తూ చిలకలా అప్పజెప్పేది. వాళ్లది మూడో అంతస్తు. కిందికి దిగాల్సి వస్తే మాత్రం పిల్లాణ్ణి అత్త చేతికిచ్చేసి, తను గోడకు రాసుకుంటూ మెట్లు దిగేది.

"మా మహారాణికి మోత బరువు" అని అత్త మేలమాడింది కూడా. కోడలు నవ్వలేదు.

పదిహేనో రోజు నర్సు ముందు కోడలు కూర్చుంటే, అత్త కొంగు చాటున వేళ్లు మడుస్తోంది. ఆరో ప్రశ్న దాకా అక్షరం పొల్లుపోలేదు. ఏడోది, మీకు ఖాళీగా అనిపిస్తోందా అని. అస్సలు లేదంది కోడలు. నర్సు పాత కాగితం తీసి పక్కన పెట్టుకుంది. రెండూ మార్చి మార్చి చూసి కలం ఆపింది. ఒక్క జవాబూ మారకుండా అన్నీ అప్పజెప్పినట్టు రావడం ఆమెకు నచ్చినట్టు లేదు. అత్త ఇంక ఊరుకోలేకపోయింది.

"ఖాళీ ఎక్కడిదమ్మా దానికి? పాలు, గుడ్డలు, పిల్లాడి ఏడుపు. నడుం వాల్చే తీరికే లేదు."

నర్సు తలెత్తి ఆవిడ వంక చూసింది. కాగితం మీద ఖాళీ అన్న మాట చుట్టూ గీత గీసింది.

"తీరిక గురించి కాదు పెద్దమ్మా, మేం అడిగేది" అని, కోడలి వైపు తిరిగింది. "లోపలంతా డొల్లగా, ఏమీ లేనట్టు ఉంటోందా అమ్మా?"

వల్లె వేసినవాటిలో ఈ మాట లేదు. జవాబు అందిస్తుందేమోనని కోడలు అత్త వంక చూసింది.

"నిజం చెబితే వీణ్ణి తీసుకెళ్లిపోతారా అత్తయ్యా?" అంది కోడలు. ఆవిడ నోరు పెగిలేలోపే తనే చెప్పేసింది. "మెట్ల మీద నా చేతులు వీణ్ణి వదిలేస్తాయేమోనని భయం. అందుకే మీకిచ్చేస్తున్నా."

పిల్లాణ్ణి ఎవరూ తీసుకెళ్లరని నర్సు రెండుసార్లు చెప్పింది. ఇది చాలామంది బాలింతలకు వచ్చే జబ్బేనని, తగ్గుతుందని, పక్క గదిలో డాక్టరమ్మ ఇవాళే చూస్తుందని, అందాకా ఈమెను ఒంటరిగా వదలొద్దని చెప్పింది. అత్తకు ఆ చివరి మాటే చెవిలో నిలిచింది.

డాక్టరమ్మ చూశాక, అత్త ఒక చేత్తో మనవణ్ణి గుండెకదుముకుని, రెండో చేత్తో కోడలి మణికట్టు గట్టిగా పట్టుకుని ఆసుపత్రి మెట్లు దిగింది. ఒక్కో మెట్టూ కాలితో తడిమి చూసుకుంటూ దిగింది. మహారాణికి మోత బరువన్న తన మాట, ప్రతి మెట్టు మీదా ఆవిడకే వినిపిస్తోంది.