చింతపండు తగిలిన నల్లరేకు

నేను ఒక రాగిరేకును. అరచేతిలో ఇమిడిపోతాను. రాగికి ఇంత నలుపెక్కడిదంటారా? దాని కోసమే అనంతపురంలో షాహీన్ అనే పరిశోధకురాలు రెండేళ్లు కష్టపడింది. ఎండ మీద పరిశోధన చేసే ఆవిడ ఆ రెండేళ్లలో ఎండ మొహం చూసింది తక్కువే.

నాకెవరూ రంగు పూయలేదు. లేజర్ కిరణంతో ఒళ్లంతా గీరారు. వెంట్రుకను వెయ్యి చీలికలు చేస్తే ఒక్కో చీలిక ఎంతుంటుందో, అంత సన్నని గుంతలు, గట్లు. ఏ రంగు వెలుగైనా వాటిలో దూరిందంటే బయటి దారి దొరక్క వేడిగా మారిపోవలసిందే. నాకు ముందు ముప్పై ఏడు రేకులు వెలుగును తిప్పికొట్టాయి. నేను నూటికి తొంభై ఆరు పాళ్లు మింగేశాను. షాహీన్ గురువు ఆచార్య వరదరాజులు గారు మాత్రం ముందు వెలుగు కొలిచే మీటరునే అనుమానించారు. ఆయనకు సంతోషమైనా రెండుసార్లు కొలిస్తేగానీ రాదు.

ఈ పని కొనసాగాలో ఆగిపోవాలో తేల్చే నిపుణులు వచ్చే రోజది. పొద్దున్నే గది ఊడ్చే ఓబుళమ్మ బల్ల మీద నన్ను చూసి జాలిపడింది. చింతపండు, ఉప్పు తెచ్చి తోమడం మొదలుపెట్టింది. సగం అయ్యేసరికి షాహీన్ వచ్చి గుమ్మంలోనే కేక పెట్టింది.

"ఓబుళమ్మా! ఏం చేస్తున్నావ్?"

"మాడిపోయింటే తోముతాండా మ్మా. సూడు, ఎట్ల మెరుస్తాందో! ఇంగ సగమే ఉండాది."

షాహీన్ కుర్చీలో కూలబడింది. లేజర్ యంత్రం చెడిపోయి నెలయింది. ఇంకో రేకు చేసే దారి లేదు. సంగతి తెలిసి ఓబుళమ్మ చింతపండు పడేసి నెత్తి కొట్టుకుంది.

"నా చేతులు పడిపోను! నీ సదువంతా పాయనా మ్మా?"

తిట్టబోయిన షాహీన్ ఆమె మొహం చూసి ఆగిపోయింది. నన్ను చాలాసేపు అటూ ఇటూ తిప్పింది. ఉన్నట్టుండి రేకులు కోసే కత్తెర తీసి, నలుపుకూ మెరుపుకూ మధ్య కోసేసింది. నొప్పి సంగతి నన్నెవరూ అడగలేదు.

నిపుణులు వచ్చారు. గ్రాఫులు చూస్తూ ఒక పెద్దాయన ఆవులించాడు. షాహీన్ అందరినీ ఎండలోకి తీసుకెళ్లి, థర్మోకోల్ మీద ముక్కలు రెండూ పెట్టి, చెరి పది చుక్కల నీళ్లు వేసింది. నా మీది నీళ్లు కాసేపటికే ఆవిరైపోయాయి. మెరిసే ముక్క మీద చుక్కలు అలాగే ఉన్నాయి. పెద్దాయన నన్ను తాకి "అబ్బా!" అని వేలు ఊదుకున్నాడు. తర్వాత నవ్వాడు.

"ఇలా పక్కపక్కన పెట్టాలన్న ఆలోచన ఎవరిదమ్మా?"

షాహీన్ తలుపు వెనక నక్కిన ఓబుళమ్మను చూపించింది. "ఆవిడే తోమిపెట్టింది సార్."

పని మరో మూడేళ్లు సాగేందుకు అనుమతి దొరికింది. ముక్కలు రెంటినీ అద్దాల పెట్టెలో పెట్టారు. ఓబుళమ్మ రోజూ ఆ అద్దం తుడుస్తుంది. మొన్న ఎవరూ లేకుండా చూసి, అద్దానికి మొహం ఆనించి మెల్లగా అంది:

"ఆ సగం గూడా తోమనిచ్చింటే ఎంత బాగుండు!"