డ్రైవరును లేపకూడదు

రవెన్నా దాటి బస్సు కొండదారి పట్టేసరికి వెనక సీట్లవాళ్ళు పాట ఎత్తుకున్నారు. ఎవరి శ్రుతి వాళ్ళదే. ఇటలీ ఉత్తరాన పోర్దెనోనె వైపు ఒక చిన్న ఊరి పింఛనుదార్ల సంఘం అది. ఏటా అక్టోబరులో యాత్రకు బయల్దేరతారు, యాత్ర పొడుగునా తింటారు, పాడతారు, మరుగుదొడ్డి ఎక్కడుందని అడుగుతారు. వాళ్ళను వెంటేసుకుని ఊళ్ళు తిప్పే ఒర్నెల్లా మాత్రం ముందున్న చిన్న సీటులో కూర్చుని, మెడలో మైకు సర్దుకుంటూ, డ్రైవరు ఎల్వియోను ఓరగా చూస్తోంది.

ఎల్వియో చూడదగ్గ మనిషేమీ కాదు. అరవై దాటాడు. పొట్ట దగ్గర బిగుసుకున్న నీలం స్వెట్టరు, చెవుల్లోంచి తొంగిచూసే తెల్ల వెంట్రుకలు, అద్దాలు తుడిచి తుడిచి పగుళ్ళిచ్చిన లావుపాటి వేళ్ళు. ఫోటోలో పక్కన నిలబడినా ఇంటికెళ్ళాక ఇతనెవరని అడిగే రకం మొహం. పెళ్ళి చేసుకోలేదు. అడిగితే, ఆదివారాలు కూడా బస్సెక్కే మొగుణ్ణి ఎవతె భరిస్తుందని నవ్వేవాడు.

బతుకంతా జనాన్ని గొప్ప గొప్ప ఊళ్ళకు చేరవేశాడు గానీ అందులో ఒక్క ఊరూ అతనికి తెలియదు. బస్సులు కోటగోడల బయటే ఆగిపోవాలి. అతనికి ఫ్లోరెన్స్ అంటే నది ఒడ్డున ఎండలో మాడే సిమెంటు మైదానం. వెరోనా అంటే శుభ్రమైన మరుగుదొడ్డి. పీసా అంటే గొడుగులమ్మేవాళ్ళతో తగాదా.

ఒక్క సియెనా సంగతి వేరు. ఎల్వియో తండ్రి రాతిముక్కలు పరిచి నేలలు వేసే మేస్త్రీ. సియెనా పెద్ద చర్చిలో నేలంతా బొమ్మలేనని, రాతిని రాతిలో పొదిగి మనుషుల్నీ మృగాల్నీ నిలబెట్టారని ఎవరో చెప్పగా విని, అది చూడాలని ఒకసారి రైలెక్కి వెళ్ళాడు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ నేలను చెక్కలు కప్పి ఉంచుతారని పాపం ఆయనకు తెలియదు. చెక్కలే చూసి తిరిగొచ్చాడు. మళ్ళీ వెళ్తానన్నవాడు వెళ్ళకుండానే పోయాడు. ఆ ప్రయాణం కోసమని ఎల్వియో తల్లి పాత బట్టలు పొరలు పొరలుగా పేర్చి, బొంత కుట్టినట్టు కుట్టిన గుడ్డ జోళ్ళు మాత్రం మిగిలాయి. పనివాడి నేల మీద గట్టి బూట్లతో నడవకూడదని ఆ ఇంట్లో పట్టింపు. ఆ జోళ్ళు ఇప్పుడు బస్సులో, డ్రైవరు పక్క అరలో, కాగితం చుట్టి ఉన్నాయి.

"ఇవాళ వస్తున్నావు కదా?" అంది ఒర్నెల్లా.

"చూద్దాం."

"చూద్దాం గీద్దాం కుదరదు. రేపట్నించి మళ్ళీ చెక్కలు కప్పేస్తారు. నీ టికెట్టు కూడా కొనేశాను."

"మరి బస్సెవరు చూస్తారు, మీ అమ్మమ్మా?"

"బ్రూనాగారి సాసేజిల కంపుకి దీని దగ్గరికి ఏ దొంగ వస్తాడు?"

"నా సాసేజిల జోలికొస్తే మర్యాదగా ఉండదు ఒర్నెల్లా!" వెనకనుంచి ముసలి బ్రూనా కేకేసింది. బస్సంతా గొల్లుమంది.

ఎల్వియో కూడా నవ్వాడు. నవ్వుతూనే ఎడమ భుజం రుద్దుకున్నాడు. దారిలో ఆగినచోట అందరూ కాఫీ తాగుతుంటే అతను ఒద్దన్నాడు.

"ఏమైంది?"

"కడుపులో మంట."

"రాత్రి ఆ చేపల పులుసు మూడుసార్లు పెట్టించుకుంటే మంట కాక మల్లెపూలు పూస్తాయా?"

"నీకు కళ్ళన్నీ నా పళ్ళెంలోనే" అన్నాడతను. మొహం పాలిపోయి ఉంది. ఒర్నెల్లా గమనించింది. మబ్బు పట్టిన వెలుతురు ఎవరినైనా అలాగే చూపిస్తుందనుకుంది.

సియెనాలో కోట కింద బస్సాగింది. పైకి పోవడానికి ఎస్కలేటర్లున్నాయి. పొద్దుటినుంచీ నడిపిన డ్రైవరు ముప్పావుగంట బండి ముట్టుకోకూడదని చట్టం. బస్సులోని యంత్రం దాన్ని రాసుకుంటుంది కూడా. అయితే చట్టం కన్నా వీళ్ళ ఆనవాయితీ గట్టిది. డ్రైవరు తలుపేసుకుని కన్ను మూశాడంటే ఇక ఎవరూ అద్దం తట్టకూడదు, పిలవకూడదు. ప్రార్థనలో ఉన్న పాదిరీ భుజం తట్టినా క్షమిస్తారేమో గానీ దీన్ని క్షమించరు.

"మీరు పదండి. కాస్త వాలి వెనకే వచ్చేస్తా" అన్నాడు ఎల్వియో.

తన మైకులో మాట వినిపించేందుకు యాత్రికులందరికీ ఇచ్చే చిన్న డబ్బా ఒకటి అతని చేతిలో పెట్టింది ఒర్నెల్లా. "దీని తీగ చెవిలో పెట్టుకునిరా. చర్చి దగ్గరికొచ్చేసరికి నా గొంతు వినిపిస్తుంది."

"నీ గొంతుకి డబ్బా కూడా ఎందుకే?"

"రాకపోయావో, ఇక నీతో మాట్లాడను. ఒట్టు."

"వస్తానన్నాగా" అన్నాడు. ఎన్నో ఏళ్ళుగా చూద్దాం అంటున్నవాడు, వస్తానని అదే మొదటిసారి అన్నాడు.

చర్చిలో నేల మీద తెలుపు, నలుపు, ఎరుపు రాళ్ళలో గుర్రాలు దౌడు తీస్తున్నాయి, తల్లులు పిల్లల్ని గుండెకు హత్తుకుంటున్నారు. అరుపులూ పాటలూ మానని ముసలాళ్ళు అక్కడ మాత్రం తలలు వంచుకుని నిశ్శబ్దమైపోయారు. ఒర్నెల్లా చెప్పాల్సింది చెబుతూనే ఉంది, కళ్ళు మాత్రం తలుపు దగ్గరే ఉన్నాయి. జేబులో అతని టికెట్టు చెమటకు మెత్తబడింది. మధ్యలో ఒకసారి మైకులో, "ఎల్వియో, ఎక్కడ తగలడ్డావు?" అని కూడా అంది. అందరూ నవ్వారు. అతను రాలేదు.

కిందికొచ్చేసరికి వాన పట్టుకుంది. బస్సు తలుపు మూసే ఉంది. ఎల్వియో సీటులో పక్క అద్దానికి తల ఆనించి, టోపీ కళ్ళమీదికి లాక్కుని ఉన్నాడు. ఒర్నెల్లాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

బ్రూనా గొడుగు పిడితో తలుపు తట్టబోయింది. ఒర్నెల్లా అడ్డంగా నిలబడింది.

"వద్దు సిన్యోరా. నిద్రపోతున్నాడు."

"తడిసిపోతున్నామమ్మా! ఎంతసేపని?"

"రాత్రిదాకా మనల్ని మోయాల్సినవాడు. పడుకోనివ్వండి."

వాళ్ళు గొణుక్కుంటూ పక్కనున్న పంచ కిందికి పోయారు. ఒర్నెల్లా తలుపుకి వీపు ఆనించి వానలోనే నిలబడింది. అతని మీద ఎంత కోపమున్నా అతని నిద్రకు కాపలా మాత్రం మానలేదు. నోరు ఊరుకోక, తనలో తను తిట్టడం మొదలుపెట్టింది.

"పడుకో, పడుకో గాడిదా. నేల తలమీద మోసుకొస్తా చూద్దువుగాని. నీకా ఊళ్ళు? నీకు టైర్లు చాలు. మీ నాన్న ఎంత మొండోడో నువ్వూ అంతే. చెక్కలు చూసొచ్చిన మనిషి కొడుకువి కదూ!"

వాన పెద్దదైంది. చెప్పిన వేళ ఎప్పుడో దాటిపోయింది. అతను కదల్లేదు. ఒర్నెల్లా మొదట వేలితో తట్టింది, తర్వాత అరచేత్తో బాదింది. అప్పటికీ లేవకపోయేసరికి తలుపు పక్కన చిన్న మూత తెరిచి లోపలి మీట నొక్కింది. తలుపు బుస్సుమని తెరుచుకుంది.

"ఎల్వియో" అంది మెట్టెక్కుతూ.

"ఎల్వియో" అని అతని చెవి దగ్గర సన్నగా వినిపించింది.

తన గొంతే. మెట్టు మీదే మెడ తడుముకుంది. మెడలో మైకు ఆపలేదు. అతని చెవిలో ఆ డబ్బా తీగ ఉంది, ఒళ్ళో డబ్బా మీద పచ్చదీపం వెలుగుతోంది. గాడిదా అన్నది, మీ నాన్న అన్నది, తలుపు అవతలినుంచి అన్న ప్రతి మాటా ఆ చెవిలో పడింది. అతని చేయి పట్టుకుంది. రాయిలా చల్లగా ఉంది. "దేవుడా!" అంది. అదీ వినిపించింది.

కిందికి చూసింది. బూట్లు రెండూ విప్పి పెడళ్ళ పక్కన వరసగా పెట్టి ఉన్నాయి. ఎడమ కాలికి గుడ్డ జోడు ఉంది. రెండోది చేతివేళ్ళలోంచి జారి పడిపోయింది.

అంబులెన్సులో వచ్చిన డాక్టరు చాలాసేపైందన్నాడు. మీరు పైకి చేరకముందే అయివుంటుంది, ఏమీ విని ఉండడని ఓదార్పుగా చెప్పాడు. ఒర్నెల్లా తల ఊపింది గానీ మాట గుండెలోకి దిగలేదు. బ్రూనా తన శాలువా తీసి ఆమె తడి భుజాల మీద కప్పింది. ఎవరూ ఏడవలేదు. ఇంకా నమ్మకం కుదరలేదు వాళ్ళకి. అతన్ని గుడ్డ జోడుతోనే తీసుకుపోయారు.

చీకటి పడేవేళకి కంపెనీ ఇంకో డ్రైవరును పంపింది. ఎవరో కుర్రాడు, ఎవరి మొహమూ చూడకుండా ఎక్కి సీటు ముందుకు జరుపుకున్నాడు. పాడేవాళ్ళు లేరు. బ్రేకు తొక్కబోయి కాలికేదో తగిలితే వంగి తీసి, "ఇది ఎవరిదండీ?" అన్నాడు. ఒర్నెల్లా శాలువా దగ్గరికి లాక్కుంది. అతను దాన్ని ముందద్దం దగ్గర పెట్టి బండి కదిలించాడు.

ఆ గుడ్డ జోడు బోర్లా పడి ఉంది, అడుగున ఎల్వియో అమ్మ కుట్టిన తెల్లదారానికి మట్టయినా అంటలేదు.