తలుపు దగ్గర కుర్చీ

మా ఆఫీసు గది రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ఒక కొసన తలుపు, రెండో కొసన పెద్ద కిటికీ. మా ఊరు బిష్కెక్‌లో చలి మొదలైందంటే ఆ కిటికీ సందుల్లోంచి గాలి ఈల వేసుకుంటూ లోపలికొస్తుంది. గదిని వెచ్చబెట్టాల్సిన వేడినీళ్ల గొట్టాలేమో తలుపు పక్కన ఉన్నాయి. కట్టినవాడెవడో గాని ఒక్క చలికాలమైనా అందులో కూర్చుని పనిచేసి ఉండడు.

కిటికీ దగ్గర ఉల్కానక్క కూర్చునేది. మాది పశువుల బీమా ఆఫీసు. గొర్రెలవాళ్లు, గుర్రాలవాళ్లు ఫోన్ చేస్తే ఆవిడే మాట్లాడాలి, లేకపోతే వాళ్లకు తృప్తి ఉండదు. మా అందరిలోకీ పెద్దది కాబట్టి తలుపుకు దూరంగా, గదికి తలవైపున ఆవిడ చోటు. దాన్ని మేం తోర్ అంటాం. గుడారంలోనైనా ఇంట్లోనైనా తోర్ పెద్దవాళ్లది, తలుపు పక్కన కూర్చునేది చిన్నవాళ్లు. ఇది మాకెవరూ కూర్చోబెట్టి నేర్పిన సంగతి కాదు.

మధ్యాహ్నం టీ పోసేదీ ఆవిడే. ఇంటినుంచి తెచ్చుకున్న నీలం పూల పియాలాల్లో అడుగున కొంచెమే పోసి ఇస్తుంది. తాగి తిరిగి ఇస్తే మళ్లీ కొంచెం పోస్తుంది. కాసేపు కూర్చో, నీతో మాట్లాడాలనుంది అని దానర్థం. నిండా పోసి ఇచ్చారంటే మాత్రం తాగేసి ఇక బయల్దేరమని.

ఆ శరదృతువులో బేగైమ్ మాకు మేనేజరుగా వచ్చింది. వయసులో నాకు కూతురులాంటిది. మనుషులు నిలవడం లేదు, ఆఫీసును కాస్త మనసుకు నచ్చేలా చెయ్యమని యజమాని చెప్పాడట. వచ్చీ రాగానే పూలకుండీలు పెట్టించింది. కళ్లు పొడిచే తెల్లలైట్లు తీయించి పసుపువి వేయించింది. ఒక సోఫా తెచ్చింది. ఇదేమన్నా పెళ్లివారి విడిదా అని నేను వెటకారమాడాను. ఇప్పుడు భోజనమయ్యాక ఆ సోఫా నాకు తప్ప ఇంకొకరికి దొరకదు.

మొదటి మంచు పడిన రోజు ఉల్కానక్క ఫోన్లో మాట్లాడుతూనే మోకాళ్లు రుద్దుకుంటోంది. బేగైమ్ అది చూసింది. ఆదివారం తనొక్కతే వచ్చి అక్క బల్లను వేడిగొట్టాల పక్కకు, అంటే తలుపు దగ్గరికి జరిపింది. మెత్తటి దిండు, కాళ్ల కింద పీట, చిన్న దీపం అమర్చింది. ఖాళీ అయిన కిటికీ దగ్గర ప్రింటర్ పెట్టింది.

సోమవారం ఉల్కానక్క వచ్చింది. తలుపు తీయగానే ఎదురుగా తన బల్ల. గది పొడుగునా చూపు పోనిచ్చి, అవతలి కొసన తన చోట్లో కూర్చున్న ప్రింటర్‌ని చూసింది. మేమంతా కాగితాల్లోకి తలలు దూర్చేశాం.

"వెచ్చగా ఉందా అక్కా?" అని బేగైమ్ ఆశగా అడిగింది.

"చాలా వెచ్చగా ఉందమ్మా" అని ఆవిడ కూర్చుంది. కోటు విప్పలేదు.

మధ్యాహ్నం టీ పోసింది. మాకందరికీ ఎప్పటిలాగే కొంచెం కొంచెం. బేగైమ్ పియాలా మాత్రం అంచుదాకా నింపి, చుక్క తొణక్కుండా చేతికిచ్చింది. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. తాగలేదు, కింద పెట్టలేదు.

సాయంత్రం ఉల్కానక్క పియాలాలు కడిగి శాలువాలో మూట కట్టింది. "రేపట్నుంచి నేను రానమ్మా. మనవలతో ఇంటిపట్టున ఉంటా. మంచు తగ్గాక శుక్రవారం వచ్చి ఈ మూట పట్టుకెళ్తా, ఇప్పుడైతే జారిపడి పగలగొట్టుకుంటా."

"అక్కా, బల్ల పాతచోటే పెట్టిస్తాను. ఇప్పుడే పెట్టిస్తాను."

"ఎందుకూ, నేను అలిగాననా? చంటిపిల్లనా నేను? వద్దు" అని వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండింది. "నీకు మోకాళ్లే కనపడ్డాయి, మనిషి కనపడలేదు. తోర్‌లో ప్రింటర్‌ని కూర్చోబెట్టి పెద్దావిణ్ణి చెప్పుల దగ్గర కూర్చోబెడతావా?"

"ఇది ఆఫీసు కదా సగిన్ అన్నా. గుడారం కాదుగా."

"మనవాళ్లు నలుగురు కూర్చుంటే ఎక్కడైనా గుడారమే."

బేగైమ్ సోఫాలో కూలబడి ఏడ్చింది. "మా అమ్మమ్మ కూడా అలాగే మోకాళ్లు రుద్దుకునేది అన్నా. ఆవిడ చలికి వణుకుతుంటే చూడలేకపోయాను, అంతే" అంది. అప్పుడు నాకు జాలేసింది. పాతచోటికి పిలిస్తే అక్క అభిమానం అడ్డొస్తుంది. అభిమానం వదులుకుని వచ్చినా ఆ గాలికి మంచం పడుతుంది. ఆవిడ లేకపోతే మాకు ఆఫీసే లేదు.

కళ్లు తుడుచుకున్న బేగైమ్ గది మధ్యలో నిలబడి అటూ ఇటూ చూసింది. "కిటికీ పక్కన ఆ అలమరాల వెనకేముంది?"

"పాత తలుపు. దానవతల వెనక మెట్లు. ఎప్పుడో మూసేశారు."

"అది తెరిచి, ఈ తలుపు మూసేస్తే?"

నేను ఎగతాళి చేయబోయి నోరు మూసుకున్నాను. తలుపు అటు మారితే దానికి దూరపు కొస ఏదవుతుంది? వెచ్చటి కొస. బల్ల అంగుళం జరగక్కర్లేదు.

ఆ వారమంతా నా నడుము నాది కాదు. ఆ అలమరాలు ఎవరు మోశారనుకున్నారు? వడ్రంగి పాత తలుపు చెక్కలు ఊడదీసి కొత్త గొళ్లెం బిగించాడు. ఈ తలుపు మూసి, దాని మీద ఎర్రటి ఉన్ని తివాచీ వేలాడదీశాం. రోజూ వాడే దారి మూసేస్తారా, వెనక మెట్ల మీద మంచు ఎవరు తీస్తారని యజమాని ఫోన్లో కేకలేశాడు. నేనే తీస్తానంది బేగైమ్. కొత్త తలుపు పక్కన, గాలి కొట్టే ఆ మూల, తన బల్లే వేసుకుంది.

శుక్రవారం తివాచీ వెనకనుంచి దబదబా చప్పుడు.

"ఎవర్రా లోపల? నా మూట నాకివ్వరా?"

"వెనకనుంచి రా అక్కా" అని అరిచాను.

"వెనకనుంచేంటి, దొంగదాన్నా?"

తిట్లు మెట్ల వెంట చుట్టూ తిరిగి వచ్చాయి. కొత్త తలుపు తెరుచుకుంది. మొదట ఆవిడకు కనిపించింది బేగైమ్. కోటుతో, ఉన్ని బూట్లతో, ముక్కు ఎర్రబడి, తలుపు పక్కన కూర్చుని ఉంది. ఆ పక్కనే ప్రింటర్. ఆ తర్వాత గది పొడుగునా మా బల్లలన్నీ దాటి, చిట్టచివర ఎర్ర తివాచీ ముందు దీపం వెలుగులో తన కుర్చీ.

ఉల్కానక్క గడపలోనే బూట్ల మంచు దులుపుకుంది.

"ఎవరి బుర్రలో పుట్టిందిది?"

బేగైమ్ తల దించుకుంది.

"తలుపు జరపడమేంటే, పిచ్చిపిల్లా" అంది ఉల్కానక్క.

గది పొడుగునా నడిచింది. ఆవిడ వస్తుంటే ఒక్కొక్కరం లేచి నిలబడ్డాం. కుర్చీలో కూర్చుని కోటు విప్పి, కాళ్లు పీటమీద పెట్టుకుంది. తర్వాత మూట విప్పి పియాలాలు బల్లమీద పేర్చింది. "నీళ్లు మరగబెట్టండి, చూస్తారేం?" అంది.

టీ ఆ కొసనుంచి ఈ కొసకు చేతులు మారుతూ వచ్చింది. బేగైమ్‌ది అందరికంటే చివరి పియాలా. దాన్ని అందించింది నేనే. చేతికిచ్చే ముందు లోపలికి చూశాను. అడుగున కొంచెమే ఉంది, రెండు గుక్కలు కూడా రావు.

బేగైమ్ దాన్ని రెండు చేతులా పట్టుకుని తాగి, ఖాళీ పియాలా మళ్లీ పైకి పంపింది. అది తిరిగొచ్చింది, మళ్లీ అడుగున కొంచెమే.