చక్రధర్ పట్టిన క్యాచ్

వరంగల్ కాలేజీ మైదానంలో చక్రధర్ చేతుల్లోంచి ఒక క్యాచ్ జారిపోయి ఇరవై ఏళ్లు దాటింది. జారిన బంతి ఊరుకుంది గానీ, స్నేహితుడు కొండల్ రావు ఊరుకోలేదు. ఇద్దరూ స్థిరపడ్డ డబ్లిన్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్లినా పప్పు వడ్డించేలోపే ఆ కథ ఎత్తుకునేవాడు. అందరూ నవ్వేవారు. చక్రధర్ కూడా నవ్వేవాడు, లోపల మాత్రం మనసు చివుక్కుమనేది.

అందుకే చెర్రీవుడ్ పార్కులో కూతురు చరిత క్లబ్బువాళ్లు పిల్లలూ తల్లిదండ్రులూ కలిసి అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాలనగానే ఎగిరి గంతేసి పేరిచ్చాడు. మీదపడి కుమ్ముకోవడాలు లేవు, బంతి పట్టినవాడిని ఆపాలంటే నడుముకు వేలాడే రిబ్బను లాగితే చాలు. అతనికి కావలసింది గెలుపు కాదు, కొండల్ రావు కళ్లముందు ఒకే ఒక్క క్యాచ్. ఆ మహానుభావుడు కొడుకుతో కలిసి అవతలి జట్టులోనే ఉన్నాడు.

ఆటలో చివరి విసురు. చరిత జట్టు నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది. ఆ పిల్ల విసిరిన కోలబంతి గిర్రున తిరుగుతూ వచ్చి చక్రధర్ పొట్టకు తగిలింది. రెండు చేతులతో పొదివిపట్టుకుని పరుగు తీశాడు. బంతితో గోల్ గీత దాటితే ఆరు పాయింట్లు, గీత ఇంకా కాస్త దూరం ఉంది. అందాకా ఎవరాగుతారు? క్రికెట్‌లో క్యాచ్ పట్టినవాడు చేసే పనే చేశాడు. బంతిని ఆకాశంలోకి ఎగరేసి, చేతులు చాచి కేక పెట్టాడు.

బంతి గీతకు ఇవతలే పడింది.

"డాడ్! వై డిడ్ యూ త్రో ఇట్?" చరిత నెత్తి పట్టుకుంది.

"గది క్యాచే కాదు!" కొండల్ రావు ఉరికొచ్చాడు. "బంతి కిందవడ్డది. గప్పుడూ గంతే, గిప్పుడూ గంతే!"

"పట్టినంకనే ఎగరేసిన్రా!" చక్రధర్ ఎదురు తిరిగాడు.

రిఫరీ షినేడ్ ఈల ఊది ఇద్దరినీ ఆపింది. బంతిని అదుపులో పెట్టుకుని పరిగెత్తాడు కనుక క్యాచ్ ఖాయమంది. గీత దాటకముందే వదిలేశాడు కనుక పాయింట్లు లేవంది. మ్యాచ్ పోయింది.

చక్రధర్ చెవికి మొదటి సగమే ఎక్కింది. "క్యాచేనా? నిజంగా?" అని మళ్లీ అడిగాడు.

"గ్రాండ్ క్యాచ్," అందామె నవ్వుతూ.

చరిత కోపంగా తండ్రి వైపు తిరిగింది. ఆయన మొహం చూశాక తిట్టబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం కొండల్ రావు ఇంట్లో భోజనాలు. పప్పు ఇంకా రానేలేదు.

"ఇనుండ్రి," అని కొండల్ రావు మొదలుపెట్టాడు. "మనోడు ఇయ్యాల మ్యాచ్ ఎట్ల ఓడగొట్టిండో చెప్త. ముందుగాల క్యాచ్ పట్టిండు..."

"ఆగురా," అన్నాడు చక్రధర్, విస్తరి పక్కకు జరిపి. "గా మాట మళ్లొక్కసారి అను."