తడిపినకొద్దీ ఉబ్బిన గోడ

పంప్‌హౌస్ గోడకు పగుళ్లు వచ్చినప్పుడు సూపరింటెండెంటు ఎవరినీ సలహా అడగలేదు. అడగడం ఆయన ఇంటా వంటా లేదు. "కాంక్రీటుకు నీళ్లే ప్రాణం. ఎంత తడిపితే అంత గట్టిపడుతుంది" అని తేల్చేసి, రోజూ రెండు పూటలా గొట్టం పెట్టి తడిపించాడు. పదకొండేళ్ల గోడను పచ్చి గోడలా సాకాడు.

పగుళ్లు సాలెగూడులా అల్లుకున్నాయి. వాటి అంచుల్లో తెల్లటి జిగురు కారి గట్టిపడింది. చివరికి పైఆఫీసు పరీక్షకు మనిషిని పంపింది. వచ్చింది ఆయన భార్య చెల్లెలే. కాంక్రీటు పరీక్షించడం ఆమె ఉద్యోగం. గోడలోంచి గుండ్రంగా ఒక ముక్క కోసి తీసుకెళ్లి, కొన్ని వారాల తర్వాత తిరిగి వచ్చింది.

"బావా, ఇందులో వేసిన కంకర మంచిది కాదు. సిమెంటులోని క్షారం ఆ రాయితో కలిసి జిగురవుతోంది. ఆ జిగురు నీళ్లు తాగి ఉబ్బి, గోడను లోపల్నుంచి చీలుస్తోంది. ముందు ఆ నీళ్లు ఆపించండి."

"గోడ నీళ్లు తాగుతుందా! రేపు కాఫీ కూడా అడుగుతుందేమో!"

సిబ్బంది పడీపడీ నవ్వారు. నవ్వకపోతే సెలవు దొరకదు మరి.

"అలవాటు చేసింది మీరేగా, మిమ్మల్నే అడుగుతుంది" అంది మరదలు.

వడ్రంగి కూడా చెప్పి చూశాడు. "సార్, ఆ గోడకే ఉన్న మీ గది తలుపు బిగుసుకుపోతోంది. మూడుసార్లు చిత్రిక పట్టాను. గోడే జరుగుతోంది సార్."

"నీకు పని రాదని చెప్పు!" అని కసిరి, మర్నాటి నుంచి మూడు పూటలా తడపమన్నాడు.

ఇంతలో వానలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం పైఅధికారులు తనిఖీకి వస్తున్నారని తెలిసి, ఆయన తల దువ్వుకోవడానికి గదిలోకి వెళ్లి తలుపు విసురుగా మూశాడు. తీయబోతే రాలేదు. తన్నాడు, గుద్దాడు, తలుపును తిట్టాడు. అధికారులు కారు దిగేసరికి, కిటికీ ఊచల వెనక నిలబడి నమస్కారం పెట్టాడు.

"ఎవరీయన?"

"మా పెద్దసారే" అన్నాడు వడ్రంగి, రంపం తీస్తూ.

తలుపు కోసి ఆయన్ని బయటికి తేవడానికి గంట పట్టింది. ఆలోగా మరదలి రిపోర్టు చదివిన అధికారులు గొట్టం తీయించేశారు. గోడ మీద వాన పడకుండా రేకులు వేయించారు. ఉబ్బిన గోడ మళ్లీ తగ్గలేదు కానీ, తడి ఆరేకొద్దీ పగుళ్లు పెరగడం దాదాపు ఆగిపోయింది.

ఆరు నెలలకు మరదలు కొలతలకు వచ్చినప్పుడు ఆయన కొత్త గుమాస్తాకు గోడ చూపిస్తున్నాడు. "దీన్ని బతికించింది నేనే."

"నిజమే" అంది ఆమె. "బావగారు చెయ్యి పెట్టడం మానేశాకే బతికింది."