దాటే చోటు

జహీరాబాద్ బజారులో కార్ల పందెం పెట్టిన మొదటి ఏడాది, జనం సగంలోనే లేచి ఇళ్లకు పోయారు. ఆ నామోషీ దేవరాజ్‌ను చాలాకాలం పట్టి పీడించింది. పందెం బాట గీసింది అతనే మరి.

దేవరాజ్ ఒకప్పుడు బండ్ల ఫ్యాక్టరీలో డ్రైవరు. కొత్తగా తయారైన బండ్లను నడిపి చూడటం అతని పని. నడుము దెబ్బతిని ఆ కొలువు మానేశాక చిరాగ్‌పల్లి పోయే దారిలో గ్యారేజీ పెట్టుకున్నాడు. ఇంట్లో భార్య సుమిత్ర, ఆమె తమ్ముడు ప్రేమ్ కుమార్. తల్లీతండ్రీ పోయిన ప్రేమ్‌ను చిన్నప్పటి నుంచి సాకింది అక్కాబావలే. వాళ్లకు పిల్లలు లేరు. ప్రేమ్‌కు పాత కారును ఊడదీసి పందెం కారుగా మార్చుకునేంత పనితనం వచ్చిందంటే అదంతా బావ నేర్పిందే.

మొదటి ఏడాది తప్పు కార్లది కాదు, వీధులది. రెండు కార్లు పక్కపక్కన పట్టని సందుల్లో ముందు కదిలినవాడే చివరికీ ముందున్నాడు. అందరికన్నా జోరుగా పోయే కారు ప్రేమ్‌ది. అయినా ముందున్న కారు పొగ మింగుతూ చివరిదాకా దాని వెనకే ఈడ్చుకుంటూ వచ్చాడు. మేడల మీది జనానికి అది పెళ్లి బరాత్‌లా కనిపించింది. కాసేపు చూసి, ఆవులించి, దిగిపోయారు.

“ముందటోడు జాగ ఇయ్యకపోతే నేనేం చేయాలె బావా?” అని ఆ సాయంత్రం ప్రేమ్ అడిగాడు.

పందెం కమిటీకి పెద్ద పత్తి వ్యాపారి రామ్‌కిషన్. మళ్లీ ఇట్లాగే ఉంటే ఇక పందెం పెట్టేది లేదని చెప్పేశాడు. కమిటీలో తలా ఒక మాట అన్నారు. రోడ్డు మీద నీళ్లు కొడదామని ఒకరు, జోరు కార్లను అన్నింటికన్నా వెనక నిలబెడదామని ఇంకొకరు, మైకుల్లో పాటలు పెడదామని మరొకరు. దేవరాజ్ అన్నీ విన్నాడు. దాటే చోటు లేనిది పందెమే కాదని చెప్పి, గ్యారేజీ నేల మీద సుద్దముక్కతో కొత్త బాట గీసి చూపించాడు. బైపాస్ పడ్డాక పాత హైవే ఖాళీగా ఉంటోంది. దాని మీద కార్లు బాణాల్లా రావాలి. ఝరాసంగం రోడ్డు కలిసే చోట ఒక్కసారిగా వేగం తగ్గించి ఎడమకు, ఊళ్లోకి తిరగాలి. మలుపు దగ్గర రోడ్డు వెడల్పు. అందరికన్నా ఆలస్యంగా బ్రేకు తొక్కే గుండె ఎవడికుంటే వాడు అక్కడ ముందుకు పోతాడు.

చాయ్ తెచ్చిన సుమిత్ర ఆ గీతలను చాలాసేపు చూసింది.

“ఆగకపోతే?” అంది.

“ఆగకపోతే తిరుగుడే ఉండది. సీదా ఝరాసంగం రోడ్డు మీదికి పోతడు. ఆ రోడ్డు మీద పురుగు గూడ లేకుండ చూస్తం. ఫికర్ చెయ్యకు.”

అతను ఊరికే అనలేదు. ఫ్యాక్టరీలో నేర్చిన జాగ్రత్త అది. ఆగలేనివాడికి పోవడానికి దారి ఉండాలి.

పందెం రోజు కోహీర్ నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి ఆటోల నిండా జనం దిగారు. మొదటి చుట్టులోనే మలుపు దగ్గర ఒక కారు ఇంకొకదాన్ని దాటింది. వెంటనే మరొకటి. ఒకసారి మూడు కార్లు వరసగా వచ్చాయి, ఏది ముందు తిరుగుతుందో ఎవరికీ తెలియలేదు. మేడలు, గోడలు, లారీల పైకప్పులు అరుపులతో ఊగిపోయాయి. దేవరాజ్‌కు కళ్లు చెమర్చాయి. తాను నేల మీద గీసిన గీత ఇంతమందికి ప్రాణం పోస్తోంది.

ఆ సంతోషమే కొంప ముంచింది. కార్లు ఎదురుగా దూసుకువచ్చేది ఝరాసంగం రోడ్డు మీద నిలబడితే బాగా కనిపిస్తుందని ఎవరో కనిపెట్టారు. అడ్డంగా కట్టిన తాడు కింది నుంచి ఒకరు దూరారు, వెనకే పది మంది, చూస్తుండగానే రోడ్డు నిండిపోయింది. కాపలా ఉన్నవాళ్ల మాట ఎవరూ వినలేదు. దేవరాజ్ చేతులు ఊపుతూ వెనక్కి పొమ్మని అరిచాడు. ఎవరో నవ్వుతూ అతని భుజం పట్టి, ఇటు రా అన్నా, మంచిగ కనపడ్తది అని జాగా ఇచ్చారు.

రామ్‌కిషన్‌కు ఫోన్ చేశాడు. ఆ గోలలో అవతలివాళ్లకు వినపడలేదు. పందెం ఆపాలంటే ఎర్రజెండా ఊపాలి, అది పట్టుకున్నవాడు తిన్నని దారి మధ్యలో ఉన్నాడు. దేవరాజ్ నడుము పట్టుకుని అటు పరుగెత్తాడు. సగం దూరం పోయేసరికి ఇంజన్ల రొద వినిపించింది.

ముందు ఒక కారు, దాని పక్కనే ప్రేమ్ కారు. ఇద్దరూ బ్రేకు తొక్కలేదు. తర్వాత అవతలివాడు తొక్కాడు. ప్రేమ్ ఇంకొంచెం ఆగి తొక్కాడు, ఆ కొంచెంలోనే ముందుకొచ్చేశాడు. చక్రాలు బిగుసుకుని కారు జారింది. తిరగడానికి లేదు. సీదా పోవలసిన రోడ్డు మీద ఆడవాళ్లు, ముసలివాళ్లు, భుజాల మీద పిల్లలు. ప్రేమ్ స్టీరింగు కుడికి తిప్పేశాడు. అటు ఉన్నది గోదాము గోడ.

జనంలో ఒక్కరికి కూడా గీత పడలేదు. ప్రేమ్‌ను కారు కోసి బయటికి తీశారు. హైదరాబాద్ దవాఖానాలో ప్రాణం నిలిచింది కానీ, నడుము కింద ఏదీ కదలదని డాక్టర్లు తేల్చి చెప్పారు.

ఇంటికి తెచ్చాక రామ్‌కిషన్ శాలువా పట్టుకుని వచ్చాడు. నిజంగానే ఏడ్చాడు. పోతూ పోతూ గేటు దగ్గర దేవరాజ్ చెయ్యి పట్టుకుని, జిల్లా అంతా మన పందెం ముచ్చటే నడుస్తోందని మెల్లగా చెప్పాడు. సుమిత్ర మొగుణ్ని ఒక్కసారే అడిగింది, ఆ రోజు నేను అడిగిన్నా లేదా అని. ఆ తర్వాత దాని ఊసెత్తలేదు. ఆమె తిట్టిపోసినా బాగుండునని అతను ఎన్నోసార్లు అనుకున్నాడు.

ప్రేమ్ మాత్రం రోజూ ఫోనులో ఆ పందెం వీడియోనే చూసుకునేవాడు. గోడ రాకముందే ఆపేసి, మళ్లీ మొదటికి తెచ్చేవాడు.

“జర చూడు బావా, ఈడ దాటేసిన. మలుపు మస్తు గీసినవు నువ్వు.”

దేవరాజ్ ఊఁ అనేవాడు.

వానలు తగ్గాక బీదర్ వైపు నుంచి చెన్నబసప్ప అనే మనిషి వచ్చాడు. తమ ఊళ్లోనూ పందెం పెడుతున్నారట, ఇలాంటి మలుపే కావాలట. పెట్టవద్దన్నాడు దేవరాజ్. సందుల్లో పెడితే జనం కూర్చోరు కదా అన్నాడు చెన్నబసప్ప. కనీసం మలుపుకు ఎదురు రోడ్డునైనా మూసి ఖాళీగా ఉంచమని దేవరాజ్ బతిమాలాడు.

చెన్నబసప్ప కొంచెం ఇబ్బంది పడ్డాడు. “ఆడనే గ్యాలరీ కడ్తున్నం సార్. అందరు ఆ జాగనే అడుగుతున్నరు.”

మాటలతో కాదని దేవరాజ్ అతన్ని లోపలికి తీసుకుపోయాడు. మంచం మీద ప్రేమ్‌ను చూస్తే మనసు మారుతుందనుకున్నాడు. చెన్నబసప్ప వంగి, చచ్చుబడిన ఆ పాదాలను తాకి కళ్లకద్దుకున్నాడు. ఒక్క ఫోటో దిగుతానని అడిగాడు. ప్రేమ్ దువ్వెన అడిగి తల దువ్వుకుని, చాలా రోజులకు నవ్వాడు.

ఫోటో అయ్యాక ప్రేమ్ అతన్ని మంచం పక్కన కూర్చోబెట్టుకుని, మీ తిన్నని దారి ఎంత పొడుగు, మలుపు ఎంత వెడల్పు అని అడగడం మొదలుపెట్టాడు. తమ కుర్రవాళ్లు బ్రేకు ఎక్కడ తొక్కాలో చెప్పమన్నాడు చెన్నబసప్ప.

“పక్కోడు తొక్కినంక జర ఆగాలె. భయపడొద్దు,” అన్నాడు ప్రేమ్.

సుమిత్ర వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకుంది. దేవరాజ్ బయట గ్యారేజీలో పాత టైరు మీద కూర్చున్నాడు. లోపల ఇద్దరి మాటలు చాలాసేపు వినిపించాయి. ఆ మనిషి వెళ్లిపోయాక, ప్రేమ్‌ను పక్కకు తిప్పి పడుకోబెట్టే వేళయిందని లేచి లోపలికి పోయాడు.