ఫారంలో లేని మంచు

మంగళవారం వచ్చిందంటే నసిలెలె, మంచే ఎరగని మోంగు పట్టణంలో తెలివి యంత్రాల తనిఖీకి బయల్దేరేది. చేతిలో ప్రభుత్వ ఫారం, భుజాన స్వెటర్. యంత్రం ఏ దేశంలో చదువు నేర్చుకుందో ఆ దేశపు వాతావరణం దాని వెంటే వస్తుంది మరి. వ్యవసాయ ఆఫీసులో ఎరువుల సలహా చెప్పే యంత్రం ముందు ఎప్పుడూ చలిగాలే. బడిలో పేపర్లు దిద్దే యంత్రం చుట్టూ ఎవరికీ పేరు తెలియని చెట్ల ఎర్రటి ఆకులు రాలేవి. పిల్లలు వాటిని ఏరుకుని పుస్తకాల్లో దాచుకునేవారు.

ఫారంలో వాతావరణానికి గడి లేదు. అయినా ఆమెకు ఊరుకోబుద్ధి కాదు. అంచున రాసుకునేది: ఇక్కడ గాలి, ఇక్కడ ఆకులు.

ఆ వారం ఆసుపత్రికి వెళ్లేసరికి చర్మం పరీక్షించే గదిలో మడమల దాకా మంచు. నర్సు సితాలి చీపురుతో బయటికి ఊడుస్తున్నాడు. చేపలమ్మే మ్వాంగాలా అరికాలు యంత్రం కింద పెట్టుకుని కూర్చుంది. కాలి వేలి కింద నల్లటి మచ్చ.

"జబ్బేమీ లేదు," అంది యంత్రం. మంచు ఇంకా జోరుగా కురిసింది.

"మూడోసారి ఇదే మాట," అంది మ్వాంగాలా విసుగ్గా. "చల్లగా హాయిగానే ఉంది తల్లీ. మచ్చ మాత్రం పెరుగుతోంది."

నసిలెలె వంగి ఆ పాదాన్ని చూసింది. "సితాలీ, మనలాంటి నల్లటి పాదాన్ని ఇది ఎప్పుడైనా చూసిందా?"

"చూసుంటే మంచెందుకు కురుస్తుంది మేడమ్?" అన్నాడతను ఊడుస్తూనే.

అందరికీ తెలిసిన సంగతే. అడిగినవాళ్లే లేరు.

ఆమె రాజధాని లుసాకాలోని పై అధికారికి ఫోన్ చేసింది. "మంచు కురిస్తే యంత్రం మాట చెల్లకూడదు సార్. డాక్టరు చూసి తీరాలి. అలా నిబంధన రాస్తున్నాను."

"అయితే బడిలోనూ అంతేనా? అన్నిచోట్లా ఆపేస్తావా?"

"బడిలో మార్కు తప్పితే రేపు దిద్దుకోవచ్చు. ఇక్కడ రేపు ఉండకపోవచ్చు."

"సరే, రాయి. సంతకం నేను పెడతా."

సాయంత్రం లోపే డాక్టరు వచ్చి మచ్చ చూశాడు. నొసలు ముడివేశాడు. మర్నాడే మ్వాంగాలాని లుసాకా బస్సెక్కించారు. అక్కడ వేలు తీసేశారు. ఇంకో నెల ఆగుంటే కాలే పోయేదన్నారు.

ఆ ఏటి వరద నీళ్లు తీశాక ఒక ఉదయం మ్వాంగాలా నసిలెలె ఆఫీసు గడపలో నిలబడింది. చెమటలు కారుతున్నాయి. చేతిలో ఎండుచేపల పొట్లం.

"ఇంత దూరం ఎలా వచ్చారు పెద్దమ్మా? బండి దొరికిందా?"

"బండెందుకే?" అంది మ్వాంగాలా, ఒక పక్క వదులైన చెప్పుని సర్దుకుంటూ. "నడిచొచ్చా."